విచ్చుకున్న అతుకు

ఐదింటికి ముందే రావాలి తోటకి.
బాల్టిక్ మీంచి కొట్టే చలికి
రెక్కలు బిగుసుకుని ఇంకా లేచి ఉండరు ఎవరూ.
సోయికూర పువ్వు గొడుగు కింద
ఒక తూనీగ, ఒంటినిండా మంచుబొట్లు,
తాళంచెవి పోయిన సైకిల్లా అక్కడే ఉంది.

మోకాళ్ళ కింద పాత రబ్బరు చాప.
మోచెయ్యి క్యాబేజీ మడి గట్టు మీద.
ఊపిరి బిగబట్టడం నాకు కొత్త కాదు.
గ్దీనియాలో, ఓడల కార్ఖానాలో, ముప్పై ఎనిమిదేళ్ళు
ఇనుముకీ ఇనుముకీ అతుకు వేసినవాణ్ణి.
నల్లద్దం వెనక నుంచి
ఒక్క నిప్పుచుక్కనే చూస్తూ బతికాను,
దాని చుట్టూ అంతా చీకటి.

ఇప్పుడు అద్దం తెల్లనిది.
చేతులే వణుకుతాయి.
వంద తీస్తే తొంభై ఎనిమిది మసక.
మిగతా రెండింట్లో ఒకటి వట్టి కాలు.

పక్క మడి హాల్ష్కా గారు
గులాబీల నిండా పేనుబంకేనని
మందు డబ్బా భుజాన వేసుకుని వచ్చింది.
కాస్త ఆగండి, అని కెమెరా చూపించాను.
అక్షింతల పురుగు పిల్ల,
మొసలికి చిన్నప్పటి ఫొటోలా, ముళ్ళు ముళ్ళుగా,
ఒక పేనుని పట్టుకుని పీలుస్తోంది.
"ఛీ, ఎంత అసహ్యంగా ఉందో!"
కళ్ళజోడు మార్చుకుని మళ్ళీ చూసింది.
"దీనికి కళ్ళెక్కడ?"
శనివారం మందు కొట్టింది లెండి.
ఒక్క కొమ్మ మాత్రం వదిలేసింది.
నేనడగలేదు, తను చెప్పలేదు.

ఆ కొమ్మ మీదే ఇవాళ,
ఎరుపు, ఏడు చుక్కలు,
మెడ దగ్గర్నుంచి తోక దాకా ఒకటే గీత.
మా అతుకులకి ఎక్స్‌రేలు తీసేవారు.
వెంట్రుకంత పగులున్నా మళ్ళీ కొయ్యాలి, మళ్ళీ కాల్చాలి.
ఒకసారి పన్నెండు మీటర్లు, ఫిబ్రవరిలో,
ఓడ పొట్ట కింద వెల్లకిలా పడుకుని.
అదే కంటితో చూశాను దీన్నీ.
పొంగు లేదు, మచ్చ లేదు,
గోరు దూరే సందు లేదు.
పాస్, అన్నాను పైకే.

ఎండ తగిలింది.
గీత విచ్చుకుంది.
గుండె జారింది నాకు.
విచ్చిన అతుకంటే నీళ్ళు, సైరన్, గోడకి అంటించిన పేర్ల పట్టిక.
ఎర్ర డొప్పలు రెండూ లేచాయి,
కింద మడతపెట్టి దాచిన పల్చటి కాగితమేదో
బయటికొచ్చి

మీట నొక్కానో లేదో.
వచ్చింది ఇదీ: ఆకు, ఆకు మీద ఖాళీ,
పై మూలన ఎర్రగా చిన్న గీర.

తొంభై ఎనిమిదిలో ఒకటి.
చెరపలేదు.