పదమూడు పాయింట్ ఒకటి

ఇది మూడో బ్యాటరీ.
మొదటిది పోతే నేరం చలికాలం మీద వేశాను,
రెండోది పోతే అమ్మినవాడి మీద.
అత్త మీద కోపం దుత్త మీద అంటారే,
అలా దుత్తలు మారుస్తూ పోయాను
ఒక్కోదానికి ఎనభై పౌన్లు పోసి.

గ్రిమ్స్‌బీలో జనవరి. పొద్దున ఐదూ నలభై.
రేవు వైపు నుంచి చేపల నీచు, ఉప్పుగాలి.
అద్దం మీద మంచు గీకి, తాళం తిప్పితే
కోర్సా ఒక దగ్గు దగ్గింది. ఇంకోటి దగ్గబోయి
టిక్ టిక్ టిక్ మని పళ్ళు కొరికింది.

రోజుకి పదకొండు ఇళ్ళు నాకు.
ఇంటికి పదిహేను నిమిషాలు, ఫోన్లో లెక్క.
మిసెస్ బ్లాంచర్డ్‌కి మేజోళ్ళు తొడగాలి,
టెడ్ గారికి గడ్డం గీసి, మాత్రలు మింగించి,
నిజంగా మింగాడో లేదో నాలుక ఎత్తించి చూడాలి.
ఇంటికీ ఇంటికీ మధ్య మైలుండదు.
స్టార్టరు చెంబెడు తాగేస్తుంది,
ఉద్ధరిణెడు తిరిగి చేరేలోగా
తరవాతి గుమ్మం వచ్చేస్తుంది.

"బ్యాటరీ అమ్మాయ్, బ్యాటరీ"
ఎదురింటి కిటికీలోంచి డెస్మండ్ తీర్పు.
ముప్ఫై ఏళ్ళు ట్రాలర్లలో ఇంజన్లు చూసినవాడు.

మా సుభద్ర పిన్నికి నరసరావుపేటలో
మోటార్ల వైండింగు కొట్టు.
ఆవిడ చీర కొంగుకెప్పుడూ వార్నిష్ వాసన.
"కాలినదాన్ని చూసి ఏడవకే,
కాల్చినదాన్ని వెతుకు" అనేది.

ఆదివారం, తొమ్మిది పౌన్ల మీటరు.
ఇంజను ఆపి చూస్తే పన్నెండు పాయింట్ మూడు.
అర్ధాకలి.
ఇంజను వేస్తే పదమూడు పాయింట్ ఒకటి.
పద్నాలుగు దాటాలి. దాటదు.
హెడ్‌లైట్లు వేశాను, పన్నెండు తొమ్మిది.
హీటరు, పన్నెండు ఆరు.
వెనకద్దం తీగలు, పన్నెండు రెండు.
అంటే ఈ క్షణాన బండి వెలుగంతా
నిన్నటి నిల్వలోంచి గీకుతున్నది.

బెల్టు నొక్కాను. బిగువుగానే ఉంది.
ఎర్త్ తీగ విప్పితే పచ్చటి చిలుము.
రాగి బయటపడేదాకా గరుకు కాగితంతో రుద్దాను.
పాయింట్ రెండు పెరిగింది.
పండగ చేసుకునేంత కాదు.

మరిక ఆల్టర్నేటరే.
మూడు బోల్టులు. మూడోది నా కణుపుల తోలు తీసుకుని
అప్పుడు వదిలింది.
వెనక మూత తీస్తే నల్లటి పొడి,
కార్బన్ బ్రష్షులు రెండు.
ఒకటి చిటికెన గోరంత.
రెండోది ఆ గోరు మొదట్లో తెల్లగా ఉంటుందే,
ఆ వంకంత.
తగిలీ తగలనట్టు,
ఇస్తున్నానని చెబుతూ ఇవ్వకుండా.

కొత్తవి వచ్చేది బుధవారం.
అరిగినవే బిగించి సోమ మంగళవారాలు నెట్టాను.
రేడియో లేదు. హీటరు లేదు.
వెనకద్దానికి నా చొక్కా చెయ్యే.
రెండు దీపాలు మాత్రం, ఎదుటివాళ్ళ కోసం.

మంగళవారం మేజోడు పట్టుకుని వంగితే
మిసెస్ బ్లాంచర్డ్ కాలు వెనక్కి లాక్కుంది.
"ఇవేం చేతులు, చేపల మార్కెట్లో మంచుగడ్డలు!"
నా రెండు చేతులూ తన రెంటి మధ్యా పెట్టుకుని
తొంభై ఒక్క ఏళ్ళ అరచేతులతో రుద్దింది,
భర్త పడవ దిగొచ్చినప్పుడు ఇలాగే రుద్దేదట.
పదిహేను నిమిషాల్లో నాలుగు అలా పోయాయి.
ఫోన్లో ఏ గడిలో రాయాలో తెలియక
"మేజోళ్ళు" అనే రాశాను.

బుధవారం రాత్రి, టార్చి పళ్ళతో కరిచి పట్టుకుని
కొత్త బ్రష్షులు.
పద్నాలుగు పాయింట్ మూడు.
అన్నీ ఒక్కసారి వేశాను, దీపాలు, హీటరు, తీగలు, వైపర్లు.
పదమూడు తొమ్మిదికి దిగి, అక్కడ నిలబడింది.
"చెప్పలేదూ, బ్యాటరీయే" అన్నాడు డెస్మండ్.

గురువారం దారంతా హీటరు.
గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే
ఆవిడ కుర్చీలోంచి చేతులు చాచింది.
పట్టుకుంది.
"ఓ, ఇవాళ వెచ్చగానే ఉన్నాయే" అని
కొంచెం నిరాశగా
వదిలేసింది.