గాజుపొడి

అతకామా ఎడారిలో రోడ్డుకి గీతలు వేసే పని నాది.
తెల్లరంగు, దాని మీద గాజుపొడి,
రాత్రి లైటు పడితే మెరవాలని.

అరవై ఒకటో కిలోమీటరు మలుపులో
పిచ్చుకగూడంత ఇల్లు. రేకు కప్పు.
లోపల రొహేలియో ఫోటో, వంగిన నంబరు ప్లేటు,
దాహంతో పోయాడేమోనని
లారీవాళ్లు పెట్టిపోయే నీళ్ల సీసాలు.
ఇక్కడ ఎవరు పోయినా పోయినచోటే ఓ ఇల్లు కడతారు.
నేనొచ్చిన ఏడు మూడిళ్లు.
ఇప్పుడు తొమ్మిది గడపలు,
ఒక్క ఓటూ లేదు.

వాళ్లమ్మ ఎదువీనా పాలపొడి డబ్బా పట్టుకొచ్చింది.
"మిగిలిందేమైనా ఉంటే ఇందులో పొయ్యవయ్యా."
లెక్క చెప్పాల్సిన రంగు. పోశాను.
గాజుపొడీ అడిగింది.
ఎందుకని నేనడగలేదు.

కంచె వెయ్యమని ఆమె పెట్టిన అర్జీలు
రాజధానిలో ఏ బల్లకాలికి ఎత్తుగా పెట్టారో.
ఒక్క జవాబు వచ్చిందట:
మలుపుది తప్పులేదు, డ్రైవరు నిద్రపోయాడు.
"పద్నాలుగు గంటలు నడిపించినవాడు
మెలకువగానే ఉన్నాడుగా" అంది,
మూత బిగిస్తూ.

వారం తర్వాత, రాత్రి, వెనక్కి వస్తుంటే
చీకట్లోంచి ఇల్లొకటి లేచి నిలబడింది
తెల్లగా, రోడ్డు మీదికి నడిచొస్తున్నట్టు.
నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.
ముందు పోతున్న రాగి లారీ వెనక
ఎర్రదీపాలు వెలిగాయి.

ఇసుకగాలికి ఏ రంగూ ఏడాది ఆగదు.
మళ్లీ వచ్చింది డబ్బాతో.
ఈసారి తొమ్మిదిళ్లకీ కావాలంది.

మేస్త్రీ అటు తిరిగినప్పుడు
నా గీతని కాస్త సన్నగా లాగుతున్నాను.