సరాయ్‌కి తాళం లేదు

నిఘంటువు ఆఫీసులో నా వాటాకి వచ్చిన అక్షరం 'స'.
సాబ్ల్యా, సాద్, సాలో, సమొవార్...
కత్తినీ తోటనీ పందికొవ్వునీ దాటుకుని
మంచు కరిగే నెలలో సరాయ్ దగ్గరికి చేరాను.

కార్డు మీద రాశాను:
పారసీకం నుంచి, తురుష్క భాషల మీదుగా.
మూలంలో: రాజభవనం.
రష్యన్‌లో: కట్టెల కొట్టం.
రెండో అర్థం: పెద్దదీ వికారమైనదీ అయిన గది; నిందార్థకం.

భవనానికీ కొట్టానికీ నడుమ ఏం జరిగిందో
రాయడానికి కార్డులో జాగా లేదు.
ఆ నడుమ కోసమే ఆగస్టులో రైలెక్కాను.

అఖ్తూబా ఒడ్డు. పుచ్చకాయల లారీ లేపిన దుమ్ము.
అడుగేస్తే చాలు, గడ్డిలోంచి చిటచిటా మిడతలు.
"సరాయ్ చూడ్డానికి సరాతవ్ నుంచి వచ్చావా?
మీ ఊళ్ళో లేవా, అమ్మాయ్?"
ఉస్తీన్యా కలిస్త్రాతొవ్నా
నోట్లో ఉన్న రెండు పళ్ళూ కనిపించేలా నవ్వింది.

తలుపుకి తాళం లేదు. ఒక మేకు, మేకుకి తాడు.
లోపల దండ గుచ్చిన ఎండుచేపలు,
ముందు చక్రం లేని సైకిలు,
ఒంటరి తెడ్డు (రెండోది ఆయనతో పాటే ఏట్లో పోయింది),
మూల గంపలో పొదుగు మీదున్న కోడి.
నన్ను చూసి అది కదల్లేదు.
అక్కడి ఖాన్ అదే.

కళ్ళకి చీకటి అలవాటయ్యాక
మట్టిపూత ఊడినచోట కనిపించింది నీలం.
అరచేతి మందం నీలం, గాజు మెరుపు.

"అదా? మా మామగారు గుట్టల్లోంచి బండికెత్తి తెచ్చిన ఇటుక.
ఊరంతా తెచ్చుకుంది. ఉత్తినే పడున్నాయి కదా."

ఆ గుట్టలు ఒకప్పుడు నగరం. దాని పేరే సరాయ్.
మా దొరలు నెలల తరబడి నది వెంట వచ్చి
ఆ గడపల్లో మోకరిల్లి
తమ ఊళ్ళని తాము ఏలుకోవడానికి
చీటీ రాయించుకుని వెళ్ళేవారు.
ఆ మోకాళ్ళ నొప్పి మరవలేకే
ఆ మాటకి తెచ్చి పశువుల్ని కట్టేశారేమో.
కానీ నిఘంటువులో 'ఏమో' రాయకూడదు.

కంచె మీంచి గైనుల్లా తలూపాడు:
"మా అమ్మ కథల్లో సరాయ్‌లో రాకుమార్తె ఉండేది.
మా పెరటి సరాయ్‌లో పేడ ఉండేది.
రెంటినీ ఒకే నోటితో చెప్పేది.
ఆరేళ్ళొచ్చేదాకా రాకుమార్తె పేడలోనే కూచుందనుకున్నాను.
పాపం, అంత మంచి బట్టలతో."

ఇదే మాట ఇంకా దక్షిణానికి నడిచి
బాటసారికి ఒక రాత్రి బస అయిందని విన్నాను.
ఆ దారి నేను చూడలేదు.

ఇంతలో మనవడు పరిగెత్తుకొచ్చాడు, లాగు గుండీలు లేకుండా.
"ఒరేయ్, నీ సరాయ్ మూసుకో, ఆవు పారిపోతుంది!"
ఈ అర్థం కూడా నా కార్డులో లేదు.

సంగతంతా చెప్పాను ముసలమ్మకి.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత: "భవనమంటే, పన్నేమైనా వేస్తారా?"

వెయ్యరన్నాను.
అప్పుడు తెడ్డుని అటు జరిపి చూపించింది:
"నలభై రెండు చలికాలం ఇల్లు ఆసుపత్రికిచ్చేశాం.
పదకొండుమందిమి ఇందులో, ఒక ఆవు.
ఆవు పక్కన చోటు కోసం వంతులు.
నా పెద్దాడు ఇక్కడే పుట్టాడు, ఆ నీలం కింద.
దీపం లేదు. వాడి మొహం తెల్లారాకే చూశాను."

చెప్పి, కోడికి గింజలు చల్లి,
మేకుకి తాడు చుట్టేసింది.

తిరిగొచ్చి కార్డు తీశాను. మూడో అర్థం దగ్గర
సిరా ఆరిపోయేదాకా కలం పట్టుకుని కూచున్నాను.
పెద్దాయన బల్ల మీంచి అడిగాడు, "ఇంకా సరాయ్‌లోనే ఉన్నావా?"
ఉన్నానన్నాను.

తర్వాతి మాట సరంచా. అంటే మిడత.
అదీ అక్కడి నుంచి అరువొచ్చిందే.
సంచి విప్పితే ఒకటి గెంతి
కార్డుల పెట్టె మీద వాలింది,
టిక్కెట్టు లేకుండా అంత దూరం వచ్చి.