పద్నాలుగో గుంట

నాలుగు రోజులు అక్కడే ఉన్నాను.
ఒక్క బంతి కూడా చూడలేదు.

ముడసర్లోవ గోల్ఫ్ మైదానంలో, పద్నాలుగో గుంట దగ్గర,
తాడుకి ఇవతల, జనానికేసి తిరిగి నిలబడటం నా పని.
చేతిలో పొడుగు కర్ర, దాని కొసన అట్ట:
నిశ్శబ్దం.
రోజుకి ఆరు వందలు, పులిహోర పొట్లం, ఒక టోపీ.
ఆటవేపు తిరక్కూడదని ముందే చెప్పేరు.

వీపు వెనక ఏదో జరుగుతుంటుంది.
బూట్లు గడ్డిని నలిపిన చప్పుడు,
కాసేపు ఏమీ లేదు,
తర్వాత టక్‌మని,
నేతి గరిటె గిన్నె అంచుకి తగిలినంత.
అప్పుడు నా ఎదుటి మొహాలన్నీ
ఒక్కసారి పైకి లేస్తాయి, మెల్లిగా కుడికి వాల్తాయి,
ఆగుతాయి.
నోళ్లు తెరుచుకుంటే పడలేదు.
చేతులు లేస్తే పడింది.

స్టీలుప్లాంటులో రిటైరైన సన్యాసిరావు గారు
మెడలో దుర్భిణీతో రోజూ వచ్చేవాడు.
పొద్దున్నుంచి ఆరు మైళ్లు నడిచి
పదకొండు దెబ్బలు చూసేనన్నాడు.
మిగతావన్నీ ఇంటికెళ్లి చూస్తాట్ట.
బూటు విప్పి బొబ్బ చూపించేడు,
ఇది మాత్రం ఇంట్లో రాదు బాబూ అని.

రెండో రోజు పదకొండింటికి గాలి మళ్లింది.
రుషికొండ వేపు నుంచి ఉప్పుగాలి,
నా అట్ట తెరచాపలా గుంజింది.
వెనక ఆటగాడు బెంగాలీలో దేన్నో తిట్టుకున్నాడు,
సంచిలోకి ఒక కర్ర పెట్టి ఇంకోటి తీసిన చప్పుడు.

ఇవేవీ టీవీలో రాలేదట.

రాలేదని రత్నమే చెప్పింది.
ఆరిలోవలో మా ఒక్క గదిలో, చిక్కుళ్లు ఈనెలు తీస్తూ
నాలుగు రోజులూ ఆమే చూసింది.
"మూడుసార్లు కనబడ్డావయ్యా.
ఓసారి ముక్కు గోక్కున్నావు.
నీ ఎనకాలే బంతి గుంట అంచు మీద తిరిగి తిరిగి,
ఆగిపోయి,
అప్పుడు పడింది.
ఆడు టోపీ తీసి ఏడిసేడు.
నువ్వు అట్ట దించనేదు."

ఏడ్చేడా?
నాకు అడుగున్నర దూరంలో.

ఆఖరి రోజు అందరూ వెళ్లేక
ఆ గుంటలో చెయ్యి పెట్టేను.
మణికట్టు దాకా పోయింది.
లోపల మట్టి చల్లగా, కొంచెం తడిగా,
ఒక చీమ.

ఏప్రిల్లో అర్ధరాత్రి దాటేక
దూరదేశపు పెద్ద పోటీలు వస్తాయి.
మా గుంట చాప మీద అడ్డంగా నిద్ర.
టీవీ శబ్దం రెండు గీతలు.
వ్యాఖ్యానం చెప్పేవాళ్లు కూడా గుసగుసలే,
మన గుంట లేస్తాదని కాబోలంటుంది రత్నం.
అక్కడి గడ్డి మరీ పచ్చన.
ఎత్తేదో పల్లమేదో తెలీదు, గాలి ఎటుందో తెలీదు.
బంతి మాత్రం ఆకాశంలో కూడా కనబడుతుంది,
దానికో ఎర్రగీత గీసి మరీ చూపిస్తారు.

ఆమె బంతిని చూస్తుంది.
నేను తాడు వెంబడి వెతుకుతాను.
ఉంటాడు, ఎప్పుడూ ఒకడుంటాడు,
చెయ్యి పైకెత్తి, మొహం మావేపు,
వెనక ఏమైందో తెలీక.

పడిందిరా, అన్నాను మొన్న వాడితో,
పైకే అన్నాను.

"మెల్లిగా," అంది రత్నం,
"గుంట లేస్తాది."