అక్షరానికి ఇంత

అక్షరానికి పాతిక రూపాయలు.
గుడులకీ ఒత్తులకీ వేరే లెక్క లేదు.
దుర్గి నుంచి ఆటోలో తెచ్చిన పలక
పాత గుంటూరు దాటాక, కోల్డ్ స్టోరేజీ గోడ పక్కన దించాం
నేనూ మస్తాన్వలీ,
మిరప ఘాటుకి వాడు, రాతి దుమ్ముకి నేను
ఎవరి దగ్గు వాళ్ళం దగ్గుకుంటూ.

కాగితంలో ఇలా ఉంది:
ఇచ్చట పరాసుల సరిహద్దు కోట ఉండెను.
పదహారు అక్షరాలు.
ఏ సంవత్సరమో పైవాళ్ళింకా తేల్చలేదట,
జానెడు జాగా వదలమన్నారు.

ఏం సరిహద్దండీ, అన్నాను.
ఇటు చూస్తే రేగడి. అటు చూసినా రేగడే.
గుమాస్తా గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చి
నీకెందుకవన్నీ, రాయి, అన్నాడు.
ముప్పై ఏళ్ళుగా ఉలి పట్టినవాణ్ణి,
చేతికింద ఉన్నదీ, చెయ్యమన్నదీ
ఒకే మాటని
ఆ ఎండలో నిలబడి మొదటిసారి విన్నాను.

మధ్యాహ్నం మంచినీళ్ళకి దిబ్బ మీదికి వెళ్ళి
కోట జాడ ఏమైనా ఉందా అంటే
కోటమ్మ ఇల్లు చూపించి నవ్వారు.
ఆమె నవ్వలేదు. దొడ్లోకి రమ్మంది.
నూతి ఒరలో, నాచు కింద,
వేలెడు మందాన పలచటి ఇటుకలు.
"మా మామగారి తాతలు మోసుకొచ్చారంట,
రాత్రిళ్ళు, తట్టకి ఆరేసి.
ఫిరంగులకి పళ్ళేదయ్యా అది.
తట్టల్లో పోయింది."

ఒక ఇటుక మీద
పచ్చిగా ఉన్నప్పుడు నొక్కిన బొటనవేలు.
పరాసు దొరది కాదు,
దొరలు ఇటుక కొయ్యరు.
వంగి, నా వేలు పెట్టి చూశాను.
పట్టలేదు.
మస్తాన్వలీ కూడా పెట్టబోయి
ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
వాడి కూతురికి ఏడేళ్ళు.

పొద్దువాలేలోగా చెక్కడం ముగించాను.
ఉండెను దగ్గర ఉలి కాసేపు మొరాయించింది.
కూలిచ్చేది ఉండెను అంటోంది,
చూసొచ్చిన నుయ్యి ఉంది అంటోంది.
కాగితం ప్రకారమే చెక్కాను.
తర్వాత పలక అడుగున, మట్టికి బెత్తెడు పైన,
ఎవరూ అడగని చోట
చిటికెన వేలి కొసంత లోతు చేసి నున్నగా నూరాను.

ఈ గుంటేమిటి, అన్నాడు గుమాస్తా.
గుంటూరు కదండీ, అన్నాను.
వాడికి నవ్వు రాలేదు.
లోపం కింద యాభై కోసి మిగిలింది లెక్కపెట్టాడు.

యాభై అంటే రెండక్షరాలు.
ఆ పదహారులో
ఏ రెండు వెనక్కి తీసుకుంటే సరిపోతుందో
దుర్గి దాకా ఖాళీ ఆటోలో
కూడుకుంటూ, తీసేసుకుంటూ వచ్చాను.