లాభం, రెండు, మూడు

నాతో చేరినవాళ్లందరికీ పదకొండో అంతస్తు ఇచ్చారు,
అద్దాల్లోంచి ఏర్ నది కనిపిస్తుందట.
నాకు రెండో అంతస్తు, లిఫ్ట్ పక్కన,
చనిపోయినవాళ్ల ఖాతాలు మూసే విభాగం.
స్టాటిస్టిక్స్ పిల్లవి, నీకు లెక్కలొచ్చుగా అన్నారు.
జూన్ నెల. లీడ్స్‌లో అది ఎండాకాలమేనని
ఎవరైనా చెబితే తప్ప తెలీదు.

మొదటిరోజు గ్లెనిస్ నేర్పింది ఒక్కటే:
"ఫోన్లో ఎవరైనా ఏడిస్తే మాట్లాడకు.
మనసులో ఐదు లెక్కపెట్టు.
ఆలోపు వాళ్లే మాట్లాడితే మరీ మంచిది."
ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ కుర్చీలోనే ఉందామె.
డ్రాయర్లో రెండు డబ్బాల బిస్కెట్లు:
ఒకటి మామూలు రోజులకి,
ఒకటి పసిపిల్లల ఖాతా వచ్చిన రోజుకి.

మంగళవారం నా మొదటి కాల్.
హారొగేట్ నించి ఒకావిడ. "మా ఆయన" అని
ఆగిపోయింది.
నేను లెక్కపెట్టాను.
లాభం, రెండు, మూడు...
నాలుక కరుచుకున్నాను.

తాడేపల్లిగూడెంలో మా మేనత్త బియ్యం కొలిచేటప్పుడు
ఒకటి అనదు. మొదటి మానిక ఎప్పుడూ లాభమే.
సెలవుల్లో ఆ కొట్టు గుమ్మంలో కూర్చుని నేర్చిన అంకె
ఒకావిడ దుఃఖం మీద జారిపడింది.
లోలోపలే. ఎవరూ వినలేదు.
అయినా ఆ పూట శాండ్‌విచ్ విప్పలేదు.

ఖాతా మూసేముందు పాత పద్దులన్నీ చూడాలి,
ఇంకా పోతున్న డబ్బుంటే ఆపాలి.
మనిషి ఆగినా ఆగనివి ఉంటాయి:
జిమ్ము, లాటరీ,
ముసలి గాడిదల ఆశ్రమానికి నెలకి రెండు పౌండ్లు.

ఆర్మ్‌లీ వీధుల్లో హెప్‌వర్త్ అని ఒక పెద్దాయన.
ప్రతి గురువారం ఫిష్ అండ్ చిప్స్ కొట్లో
ఆరు పౌండ్ల ఇరవై.
ఫిబ్రవరి దాటాక మూడు పౌండ్ల పది.
ఆవిడ ఎప్పుడు పోయిందో
వేరే కాగితం చూడక్కర్లేకపోయింది.

ఆయనే ప్రతి నెలా ఒకటో తారీకున
ఎస్. పికిల్స్ పేర మూడు పౌండ్లు పంపుతాడు,
పందొమ్మిదేళ్లుగా.
ఎందుకు అన్న గడిలో ఒకే మాట: గొడుగు.

గొడుగేమిటి గ్లెనిస్, అన్నాను.
"అడిగే హక్కు మనకి లేదు."
కాసేపటికి తనే కుర్చీ దొర్లించుకుంటూ వచ్చింది.
"మొత్తం ఎంతయిందంటావు?"
ఆరువందల ఎనభై నాలుగు పౌండ్లు, అన్నాను.
"అయితే చాలా మంచి గొడుగే" అంది,
అని, నవ్వకుండా, రెండో డబ్బా తీసింది.

ఎవరైనా పోతే మా ఇంట్లో
రుణం తీరిపోయింది అంటారు.
ఆయనది తీరలేదు. నేను ఆపాను,
ఆపమంటారా అని తెర అడిగితే
అవును నొక్కి.

ఆఖరి శుక్రవారం పదకొండో అంతస్తులో ప్రెజెంటేషన్.
నది నిజంగానే కనిపిస్తుంది. అందులో
సగం మునిగిన సూపర్‌మార్కెట్ బండి కూడా.
ఒక్కో ఖాతాకి పదకొండు నిమిషాలు పడుతోంది,
తొమ్మిదికి తేవచ్చు, అని చూపించాను నీలం గీతలో.
చప్పట్లు. బంగారు తల్లి అన్నంత పొగిడారు.
తగ్గించమన్న ఆ రెండు నిమిషాలూ ఎక్కడివో
నాకు తెలుసు.
వెనక వరసలో గ్లెనిస్‌కీ తెలుసు.
ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

వచ్చే ఏడు కూడా రమ్మని ఉత్తరం వచ్చింది.
జవాబు రాయలేదింకా.

సెప్టెంబరు ఒకటి. వాన.
హెడింగ్లీ బస్సు కోసం తడుస్తూ నిలబడ్డాను.
ఈ ఊళ్లోనే ఎక్కడో ఎస్. పికిల్స్
ఆడో మగో, ముసలో పడుచో,
ఖాతా రెండోసారి తెరిచి చూసుకుంటుంటారు.
మూడు పౌండ్లు పడలేదు.
బ్యాంకుకి ఫోన్ చేస్తే గ్లెనిస్ ఎత్తుతుంది,
అవతల మాట ఆగిపోతే
ఏమీ అనకుండా లెక్కపెడుతుంది.

ఆమె ఒకటి నించే మొదలుపెడుతుంది.