ఐదు గంటల చోట

గొట్టానికి గంటలుంటాయి.
నెత్తిన పన్నెండు, కడుపు కింద ఆరు.
బంగారుపాళ్యం దాటినాక మామిడి తోపుల నడుమ
తవ్విన కాలవ అంచున, ఇసుక మూటల మీద
పడుకోబెట్టిన ఈ ఇనప గడియారానికి
ముళ్ళు లేవు. నా స్కానరే తిరుగుతుంది.

రెండు వందల పదిహేడో అతుకు.
పట్టీ బిగించాను. దొరసామి నీళ్ళు వదిలాడు.
నీళ్ళు లేకుంటే శబ్దం ఇనుములోకి పోదు,
నడుమ వెంట్రుకంత గాలి ఉన్నా
తలుపు తియ్యకుండానే అప్పులవాణ్ణి పంపేసినట్టు
అక్కణ్ణుంచే తిరిగొచ్చేస్తుంది.
వెయ్యడుగుల బోర్లున్న ఊళ్ళో
ఆ డ్రమ్ము నీళ్ళిచ్చింది మునెమ్మ.
ఈ లైనుకే ఆమె చెట్లు ముప్పైఒకటి పోయినాయి.
ఎర్ర పెయింటుతో నెంబర్లేసి కొట్టేశారంట.
నేను అతుకులకు నెంబర్లేసే పెయింటు పసుపు.
అదొక్కటే తేడా.

"ఏం పాపా, అది ఏం ఇంటాది?"
"లోపల చీలికుంటే చెప్తాదవ్వా."
"మాకేం ఇనపళ్ళేదే?"
"నాకూ ఇనపడదు. కుక్కలక్కూడా."
ఆమె నమ్మలేదు. పనసకాయను తట్టినట్టు
గొట్టాన్ని వేలితో తట్టి, చెవి ఆనించి,
"బాగానే పండిందిలే" అంది.

ముందు దిమ్మె మీద తిప్పాలి.
దాంట్లో తప్పుల్ని కావాలనే కోసిపెట్టారు,
రెండు మిల్లీమీటర్ల గుంటలు, ఒక సన్నటి గాడి,
ఎక్కడున్నాయో అందరికీ తెలిసినవి.
తెలిసిన తప్పు సరిగ్గా వినిపించాకే
తెలియనిదాని దగ్గరికి పోనిస్తారు.
రెండు గంటలకోసారి మళ్ళీ దిమ్మె దగ్గరికే.
ఈ ఎండకు యంత్రమూ మరిచిపోతుంది.

తర్వాత ఒకే ఒక్క చుట్టు.
తెరమీద నిలువు పట్టీలు,
పన్నెండు దగ్గర ఖాళీ, మూడు, నాలుగు, ఖాళీ,
ఐదు దగ్గర ఎర్రటి గీటొకటి
లేచి, పడింది.
పదకొండు మిల్లీమీటర్లు. రెండో పొర పక్కగోడకు అంటలేదు.

ఖాజామొహిద్దీన్ దూరంగా బీడీ పట్టుకుని
తెరను కాదు, నా మొహాన్ని చూస్తున్నాడు.
ముప్పై ఏళ్ళ చెయ్యి. ఒమన్‌లో, జామ్‌నగర్‌లో
అతని అతుకులు మట్టి కింద ఉన్నాయి.
నేను పాకాల నుంచి రెండు బస్సులు మారి వచ్చేదాన్ని,
పని నేర్చి పంతొమ్మిది నెలలు.
"ఐదు దగ్గర" అన్నాను.
బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు.

ఐదంటే కడుపు కింద. వెల్లకిలా పడుకుని
రవ్వలు రొమ్ము మీద రాలుతుంటే
చెయ్యెత్తి నడపాల్సిన చోటు.
అతను నడిపే వేగానికి
పదకొండు మిల్లీమీటర్లంటే రెండు సెకన్లు.

"ఆ రెండు సెకన్లు నాకు గుర్తే" అన్నాడు.
"తోతాపురి లోడు ట్రాక్టరు, జ్యూసు ఫ్యాక్టరీ వద్దనిందంట,
ఈ గట్టు పక్కనే కుమ్మరించేసినాడు.
అన్ని కాయలు ఒకేసారి దొర్లితే
ఏమా చప్పుడని తల తిప్పినా."

నా సుద్దగీతల మధ్య గ్రైండరు పెట్టాడు.
పొర తీసి చూసి, పొర తీసి చూసి,
ఏడు మిల్లీమీటర్ల లోతున నల్లటి గీత,
కాటుక అంటినంత.
మిషను నిజం చెప్పిందని అంటాడనుకున్నాను.
"ఇంత చిన్నదా" అన్నాడు.

మళ్ళీ నింపాడు. మళ్ళీ తిప్పాను. ఖాళీ.
రిపోర్టులో కారణానికి ఒక గడి ఉంది.
"అంచు కలవలేదు" అని రాశాను.
మామిడికాయల చప్పుడుకు కోడ్ నంబరు లేదు.

పొద్దు వాలేసరికి రెండు వందల పద్దెనిమిది.
మూడు గంటల చోట నాలుగు మిల్లీమీటర్ల మచ్చ.
పరిమితి లోపలే. ఒప్పుకోవచ్చు. సంతకం పెట్టాను.
అప్పుడేం చప్పుడైందో ఖాజాను అడగలేదు.

ఇప్పుడది మునెమ్మ నేలలో అయిదడుగుల కింద ఉంది,
చెట్టు నాటకూడదని రాయి పాతిన చోట.
ఆమె వేరుశనగ వేసింది.
చిత్తూరు బస్సులో కిటికీ సీటు దొరికిన రోజు చూస్తాను,
సాళ్ళు తిన్నగానే ఉన్నాయి,
అక్కడక్కడా మొలవని చోట్లు.
లెక్కపెట్టేలోపు బస్సు మలుపు తిరిగేస్తుంది.